ఆదెమ్మ పాచి, ఇశ్రాయేలు నాలుక

బెజవాడ కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో ఇశ్రాయేలు అటెండరు. అది కాగితం మీది మాట. ల్యాబు గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టాక ఆయన మాటే చెల్లేది. పామర్రు పక్క పల్లెలో మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, ఇరవై రెండో ఏట కొలువులో చేరిన మనిషి, ఎమ్మెస్సీలు చదివొచ్చిన లెక్చరర్లకు సొరచేప తల కోసి నరం తెగకుండా బయటికి తీయడం నేర్పాడు. యాభై రెండులో బందరు ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం పిల్ల ఎముకల్ని రెండెడ్ల బండి మీద తెప్పించి, నానేసి, తోమి, ఒక్కొక్కటీ రాగి తీగతో కూర్చి నిలబెట్టింది ఆయనే. గన్నవరం విమానాల మైదానం పక్కన చచ్చిపడిన కొండచిలువ తోలు ఒలిచి, ఊక కూరి, గోడకెక్కించింది ఆయనే. పరీక్షలకు బయటి ఊళ్ళ నుంచి వచ్చే ప్రొఫెసర్లు "ఇశ్రాయేలు ఉన్నాడా?" అని అడిగి, ఉన్నాడంటేనే కుర్చీలో వెనక్కి వాలేవాళ్ళు.

ఇవన్నీ ఆయన అడిగిన వాళ్ళకూ చెప్పేవాడు, అడగని వాళ్ళకూ చెప్పేవాడు.

అన్నిటికన్నా మించి ఆయనకు తన నాలుక మీద గర్వం. అది తండ్రి నుంచి వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు పొలం కౌలుకు పట్టాలన్నా ముందు ఇశ్రాయేలు తండ్రిని పిలిపించేవాళ్ళు. ఆయన చేలో మోకాలి లోతు గుంట తవ్వించి, ఊరిన నీళ్ళు నాలుక మీద వేసుకుని, చౌడు ఎంతుందో, వరి పండుతుందో పండదో చెప్పేవాడు. కొడుకు పదేళ్ళకే ఆ విద్య పట్టేశాడు. అరవై ఒకటిలో యూనివర్సిటీ నుంచి తనిఖీకి వచ్చిన పెద్దలు ఆయన కళ్ళకు తువ్వాలు కట్టి, మూడు గ్లాసులు ముందు పెట్టారు. "ఇది బందరు సముద్రం. ఇది కాకినాడ. ఇది ఏటి మొగలో ముంచింది, కృష్ణ కలిసింది" అని చెప్పేశాడు. మూడూ నిజమే. పెద్దల్లో ఒకాయన లేచి వచ్చి కరచాలనం చేశాడు.

నీళ్ళలో ఉప్పు కొలిచే గాజు గొట్టం ఒకటి ల్యాబులో ఉండేది. అరవై ఎనిమిదిలో అది పగిలింది. కొత్తది తెప్పించుకుందామని లెక్చరరు వెంకటసుబ్బారావు గారు అంటే, "నేనుండగా గొట్టం ఎందుకండీ?" అన్నాడు ఇశ్రాయేలు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. గొట్టం మళ్ళీ రాలేదు.

డెబ్బై ఒకటిలో వెంకటసుబ్బారావు గారికి ల్యాబులో సముద్రపు చేపల తొట్టి పెట్టాలని బుద్ధి పుట్టింది. ఆరడుగుల గాజు తొట్టి చేయించారు. బందరు నుంచి డబ్బాలతో సముద్రపు నీళ్ళు తెప్పించారు. గాలి బుడగలు ఊదే మోటారు పెట్టారు. చేపలు వేశారు. వారం తిరక్కుండా అన్నీ చచ్చాయి. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ చేపలు, మళ్ళీ అదే. చివరికి ఆయన ఏదో పుస్తకం తిరగేసి వచ్చి చెప్పారు.

"చేపల మలినమే చేపలకు విషమవుతోంది ఇశ్రాయేలూ. దాన్ని తినేసేది ఒకటి కావాలి. సముద్రపు పాచి. కంటికి కనిపించే పెద్ద పాచి, ఆకుల్లాగా, తీగల్లాగా ఉండేది. తొట్టిలో అది పెరిగితే నీళ్ళు చెడవు."

"పెంచుదాం సార్" అన్నాడు ఇశ్రాయేలు, గోంగూర మడి గురించి చెప్పినంత తేలిగ్గా.

బందరులో వెతికాడు. దొరకలేదు. అక్కడంతా ఇసుకా, బురదా. పాచి పట్టుకోవడానికి గట్టిది ఏదో ఒకటి ఉండాలి కదా. అక్కణ్ణుంచి అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళాడు. సంతలో ఒకామె గంపలో పీతలు పెట్టుకుని కూర్చుంది. నడివయసు దాటుతున్న మనిషి. ఎండకు పీతలు చావకుండా వాటి మీద పచ్చటి పాచి దుప్పటిలా కప్పింది. ఇశ్రాయేలు ముందుకు వంగి, చిటికెడు తీసి, వాసన చూశాడు. తర్వాత నాలుక కొసన పెట్టుకున్నాడు.

"పీతలు మంచివి మాస్టారూ. కావాలంటే కాళ్ళు పట్టి సూసుకోండి" అందామె.

ఆమె మాస్టారూ అన్నందుకే ఇశ్రాయేలుకు సగం బేరం కుదిరిపోయింది. "పీతలు నువ్వే ఉంచుకో అమ్మా. ఈ పాచి కావాలి."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "పాచా? ఏం సేసుకుంటారు, పులుసు పెట్టుకుంటారా?"

"పెంచుతాను."

"పాచి పెంచుతారా!" ఆమె పక్కనున్న చేపలామె భుజం మీద చరిచి మరీ నవ్వింది. "మా మడ అడివిలో ఎవురూ పెంచకుండానే పెరుగుద్ది మాస్టారూ. సెట్ల ఏళ్ళకి, పాత పడవలకి, ఊరికే కూసుంటే మా కాళ్ళకి కూడా పడుద్ది."

ఆమె పేరు ఆదెమ్మ. పరిచయం అలా మొదలైంది.

మొదటిసారి కొన్న పాచిని ఇశ్రాయేలు పాలక్యానులో ఉప్పునీళ్ళు పోసి ముంచి, మూత బిగించి, బస్సులో పెట్టాడు. పామర్రు వచ్చేసరికి మూత సందుల్లోంచి కంపు లేచింది. కండక్టరు ముక్కు మూసుకుని వచ్చి, ఆయన్నీ, ఆయన క్యానునీ దింపేశాడు. మూత తీస్తే లోపల చిక్కటి బచ్చలికూర పులుసు. రెండోసారి ఆదెమ్మే చెప్పింది. "నీళ్ళల్లో ముంచి మూత బిగిస్తే ఊపిరాడదు మాస్టారూ. తడి గోనెలో సుట్టుకోండి. గాలి ఆడాలి, తడి ఆరకూడదు. మేం పీతల మీద ఎట్టా కప్పుతామో అట్టా." అలా తెస్తే పచ్చగా వచ్చింది. ల్యాబుకు తెచ్చి పంపు కింద కడిగాడు. మర్నాటికి తెల్లబడింది. పంపు నీళ్ళు దానికి పడవు. ఉప్పునీళ్ళలోనే కడగాలని అప్పుడు తెలిసింది. మూడోసారి బతికింది.

ఆ తర్వాత ఇశ్రాయేలు దానికి అలవాటు పడ్డాడు. ఆదెమ్మ రెండు రకాలు తెచ్చేది. సన్నటి పేగుల్లా బోలుగా ఉండే పచ్చటిది ఒకటి, ఎర్రటి దారాల్లా కొమ్మలు వేసేది ఒకటి. పచ్చది త్వరగా పెరుగుతుంది, త్వరగా కుళ్ళుతుంది. ఎర్రది నెమ్మది, కానీ మొండిది. పట్టుకుంటే గట్టిగా ఉండాలి, జిగురు తగలకూడదు, సముద్రం వాసన రావాలి గానీ కోడిగుడ్డు వాసన రాకూడదు. ముందు బకెట్టులో విదిలించి, దాక్కున్న చిన్న పీతల్నీ నత్తల్నీ ఏరేయాలి. లేకపోతే రాత్రికి రాత్రే అవి మేసేస్తాయి. తర్వాత చిన్న చిన్న రాళ్ళకు నూలు దారంతో కట్టి తొట్టిలో దించాలి. ఆ దారం ఫిజిక్సు ల్యాబు అటెండరు రామలింగం ఇచ్చేవాడు. అతనిది పెడన చేనేత కుటుంబం. "మా వాళ్ళు పెళ్ళికూతుళ్ళకు నేసిన నూలు అన్నయ్యా, నువ్వు పాచికి చుడుతున్నావు" అని ఏడిపిస్తూనే కండె చేతిలో పెట్టేవాడు.

తొట్టిని తూర్పు కిటికీ దగ్గరికి జరిపారు. పొద్దుటి ఎండ పడాలి, మధ్యాహ్నం గోనెపట్టా కప్పాలి. వారానికోసారి ముదురు కొసలు గిల్లాలి. గిల్లకపోతే ఒక్కసారిగా తెల్లబడి, విడిపోయి, నీళ్ళన్నీ పాడు చేస్తుంది. ఎండకు నీళ్ళు ఇగిరిపోతే ఉప్పు ఇగరదు కాబట్టి, తగ్గినంత మేర బావినీళ్ళు పోయాలి. ఎన్ని పోయాలో నాలుక చెబుతుంది. రోజూ పొద్దున్నే చూపుడువేలు ముంచి, నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకునేవాడు.

డెబ్బై రెండు కల్లా తొట్టి నిండా పచ్చగా, ఎర్రగా పెరిగింది. చేపలు చావడం మానేశాయి. వెంకటసుబ్బారావు గారు మద్రాసు నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని ఒక జత సముద్రపు గుర్రాలు తెచ్చి వదిలారు. వేలెడు పొడవు, గుర్రపు మూతి, కోతి తోక. ఆ తోకల్ని ఎర్ర పాచికి చుట్టుకుని ఊగేవి. వన్ టౌన్ నుంచి బడి పంతుళ్ళు పిల్లల్ని వరసలు కట్టించి తీసుకొచ్చేవాళ్ళు. ఇశ్రాయేలు తువ్వాలు భుజాన సర్దుకుని, తిమింగలం దగ్గర మొదలుపెట్టి, గుర్రాల దగ్గర ముగించేవాడు.

గుడివాడ కాలేజీ, బందరు కాలేజీ కూడా తొట్లు పెట్టాయి. ఆదెమ్మకు పని పెరిగింది. ప్రతిసారీ అడవిలో వెతకలేక, ఆమె పాత వలతాళ్ళ పేటల్లో పాచి మొక్కలు దూర్చి, ఇంటి వెనక ఉప్పుకాలవలో కర్రలు పాతి కట్టింది. తాళ్ళ నిండా పెరిగింది. జూన్‌లో పంటకాలువలు వదిలాక, మురుగుకాలువల గుండా మంచినీళ్ళు అక్కడికి దిగుతాయి. అందుకని ముందే ఆ తాళ్ళన్నీ పడవలో వేసుకుని సముద్రం మొగకు తీసుకుపోయి కట్టేది. దీపావళి దాటాక మళ్ళీ వెనక్కి తెచ్చేది. మూడు కాలేజీల నుంచీ ఆమె పేరున ఉత్తరాలు వచ్చేవి. ఆమెకు చదువు రాదు. పోస్టుమాను రేవులో నిలబడి "ఆదెమ్మ గారూ!" అని కేకేసినప్పుడల్లా పక్కవాళ్ళు వింటున్నారో లేదో చూసుకుని మరీ లేచేదట. ఉత్తరాలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచింది.

డెబ్బై మూడు డిసెంబరులో ఇశ్రాయేలుకు విషజ్వరం వచ్చింది. క్రిస్మసు ఆస్పత్రిలోనే జరిగింది. పండగ నాడు ఆరాధనకు వెళ్ళకపోవడం తన జీవితంలో అదే మొదటిసారని నర్సులకు కూడా చెప్పాడు. జనవరిలో లేచి మళ్ళీ ల్యాబుకు వచ్చాడు. వేలు ముంచాడు, నాలుకకు రాసుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు చప్పగా ఉన్నాయి.

తాను లేనప్పుడు ఎవరో బావినీళ్ళు ఎక్కువ పోశారనుకున్నాడు. గుప్పెడు రాళ్ళ ఉప్పు వేశాడు. ఆదెమ్మ ఎప్పటిలాగే పాచితో పాటు సముద్రం మొగలో ముంచిన కొత్త నీళ్ళు తెచ్చింది. అవీ చప్పగానే ఉన్నాయి. ఆమె కాలవ నీళ్ళు కలుపుతోందేమోనని అనుమానం తొలిచింది. మళ్ళీ ఉప్పు వేశాడు. ఫిబ్రవరిలో మళ్ళీ వేశాడు. ఎండలు ముదిరి నీళ్ళు ఇగురుతున్నా, బావినీళ్ళు తగ్గించేశాడు. పచ్చ పాచి అంచులు తెల్లబడ్డాయి. ఎర్రది ముక్కలు ముక్కలుగా రాలింది. మార్చిలో ఒక సోమవారం పొద్దున ఆయన వచ్చేసరికి చేపలన్నీ పైకి తేలి ఉన్నాయి. సముద్రపు గుర్రాలు రెండూ అడుగున పడి ఉన్నాయి. వాటి తోకలు దేన్నీ పట్టుకుని లేవు.

వెంకటసుబ్బారావు గారు పరీక్షల పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు. ఇశ్రాయేలు చావు చూడలేని మనిషి కాదు, మురికి చూడలేని మనిషి. గంటలో తొట్టి ఖాళీ చేసి, పొటాషు నీళ్ళతో కడిగి, ఆరబెట్టాడు. ఏం జరిగిందో చూద్దామన్నా చుక్క నీళ్ళు మిగల్లేదు.

ఆ వారమే ఆదెమ్మ తడి గోనె నెత్తిన పెట్టుకుని, నీళ్ళ డబ్బాతో రిక్షా దిగింది. ఇశ్రాయేలు వరండాలోనే ఆపేశాడు. లెక్చరర్లు, అటెండర్లు, ప్రాక్టికల్సుకు వచ్చిన విద్యార్థులు చూస్తుండగా డబ్బా మూత తీయించి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఏం కలిపావు ఇందులో?"

"ఏం కలపడం మాస్టారూ?"

"నీళ్ళు కలిపావు. రెండు నెలల నుంచి కలుపుతున్నావు. సముద్రం మొగ దాకా పోయే ఓపిక లేక, కాలవలో సగం ముంచుకొస్తున్నావు."

ఆదెమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు లేచింది. "పాలల్లో నీళ్ళు కలిపేవోళ్ళని సూశాను. సముద్రంలో నీళ్ళు కలిపి నేనేం బావుకుంటానయ్యా? అక్కడ దానికేవన్నా కరువా?"

రామలింగం ఆపుకోలేక నవ్వాడు. "సముద్రంలో నీళ్ళు కలిపే మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నయ్యా!" అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎవరి మీదో తేలక ముందే, ఇశ్రాయేలు దాన్ని ఆమె మీదికి తోసేశాడు. "అవును, చూడండి అందరూ. ఈవిడే" అన్నాడు.

ఆదెమ్మ దోసిలితో నీళ్ళు ఎత్తి నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఆయన కాళ్ళ ముందు ఉమ్మింది. "ఉప్పు కాదా ఇది? నా నీళ్ళు కాదు, నీ నోరు సూయించుకో మాస్టారూ!"

ఆ మాటతో ఇశ్రాయేలుకు ఒళ్ళు మండిపోయింది. ముప్పయ్యేళ్ళ మర్యాద, యూనివర్సిటీ పెద్దల కరచాలనం, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి. "మళ్ళీ ఈ గేటు లోపల కనిపించావంటే..." అని గేటు వైపు వేలు చూపించాడు. ఆమె డబ్బా ఎత్తి వరండా పక్కన క్రోటను కుండీల్లో కుమ్మరించి, గోనె అక్కడే వదిలేసి, నడిచి వెళ్ళిపోయింది.

వారంలో ఆ క్రోటన్లు మాడిపోయాయి. ఎండకు పోయాయన్నాడు ఇశ్రాయేలు.

వెంకటసుబ్బారావు గారు వచ్చి, విని, ఖాళీ తొట్టి వంక చాలాసేపు చూశారు. "నువ్వు చెప్పాక ఇంకేముంది" అన్నారు. గుడివాడకూ, బందరుకూ రెండు ముక్కలు రాసి పడేశారు. ఇక ఆదెమ్మకు ఉత్తరాలు రాలేదు.

ఆ ఏడు ఈస్టరు ఏప్రిల్ నడిమధ్య వచ్చింది. పండగ మధ్యాహ్నం రామలింగాన్ని పటమటలో తమ ఇంటికి భోజనానికి పిలిచాడు ఇశ్రాయేలు. భార్య జీవరత్నం చిక్కుడుకాయ కూరా, మాంసం కూరా చేసింది. ఆమె పెరట్లో చేతులు కడుక్కుంటుంటే, రామలింగం చొరవగా గిన్నెలు ముందుకు లాక్కుని తానే వడ్డించుకున్నాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టి, కళ్ళు పెద్దవి చేసి, గబగబా చెంబెడు నీళ్ళు తాగాడు.

"వదినా! ఇది కూరా, ఉప్పు కొటారా? నన్ను మళ్ళీ రావద్దంటే నోటితో చెప్పచ్చుగా!"

జీవరత్నం తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "అయ్యో మరిదిగారూ, అది కాదు, అది ఈయన గిన్నె!" అని, అనేశాక నాలుక కరుచుకుంది.

ఇశ్రాయేలు ఆ గిన్నెలోంచి ఒక ముక్క తీసి తిన్నాడు. బాగానే ఉంది. ఇంకో గిన్నెలోంచి తీసి తిన్నాడు. గడ్డి నమిలినట్టుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి" అంది జీవరత్నం, గోడ వంక చూస్తూ. "మొదట్లో కూర చప్పగా ఉందని రోజూ విసుక్కున్నారు. నోరు పోయిందని చెబితే మీరు తట్టుకోలేరని, మీ గిన్నెలో వేరే ఉప్పు వేసి పెడుతున్నాను. మూడు నెలలు ఊరుకున్నారుగా, సర్దుకుందనుకున్నాను."

రామలింగం ఇక నవ్వలేదు. అతను కూడా ఆ వరండాలో ఉన్నవాడే. "అన్నయ్యా, అయితే ఆ పాచి ఆవిడ..." అన్నాడు.

"తిను" అన్నాడు ఇశ్రాయేలు.

అతను వెళ్ళిపోయాక జీవరత్నం తిన్నగా అడిగింది. "రేపు బస్సుకి వెళ్ళి ఆమెతో చెప్పండి. పొరపాటు నాదమ్మా అంటే అయిపోతుందిగా."

"ముందు సార్‌కి చెప్పాలి. ఉత్తరాలు రాసింది ఆయన. పద్ధతి ఉంటుంది."

"సార్ ఊళ్ళోనే ఉన్నారుగా?"

"సెలవులు. కాలేజీ తెరవనీ."

కాలేజీ తెరవడానికి రెండు నెలల పైన ఉంది. ఆ రెండు నెలలూ ఇశ్రాయేలు మంచం మీద కూర్చుని, ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాడు. మొదట తిమింగలం సంగతి, తర్వాత మూడు గ్లాసుల సంగతి, తర్వాత జ్వరం సంగతి చెప్పి, అప్పుడు అసలు మాటకు రావాలి. అలా అయితే విన్నవాళ్ళు ఒక గొప్ప మనిషికి జరిగిన పొరపాటు అనుకుంటారు. ఉత్త పొరపాటు అనుకోరు. ఎన్నిసార్లు కూర్చినా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి వంటింట్లోకి చూసి మజ్జిగ అడిగేవాడు. జీవరత్నం నాలుగు సార్లు గుర్తు చేసింది. అయిదోసారి మానేసింది.

జూన్‌లో కాలువలు వదిలారు. ఊరు ఊరంతా వెళ్ళినట్టే ఇశ్రాయేలు కూడా బందరు కాలువ గట్టుకు వెళ్ళాడు. ఎండి పగిలిన మట్టి మీద ఎర్రటి కొత్తనీరు నురగలు కక్కుకుంటూ, పుల్లలూ చెత్తా తోసుకుంటూ వచ్చింది. పిల్లలు కేకలేస్తూ నీళ్ళ వెంట పరిగెత్తారు. చేలల్లో పుట్టి పెరిగిన మనిషి, ఆ నీళ్ళు ఎక్కడికెక్కడికి పోతాయో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి, గట్టున నిలబడి సంతోషించాడు. ఆ సంవత్సరం నాట్లు తొందరగా పడతాయనుకున్నాడు. అంతకు మించి ఇంకేమీ తట్టలేదు.

కాలేజీ తెరిచాక చెప్పాడు. కూర్చుకున్న మాటలేవీ రాలేదు. "నా నోరు చెడింది సార్. ఉప్పు వేసి వాటిని చంపింది నేనే" అన్నాడు. వెంకటసుబ్బారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అరిచినా బాగుండేది. "గొట్టం కొనాల్సింది మనం" అని మాత్రం అన్నారు. మళ్ళీ మూడు ఉత్తరాలు రాశారు, రెండు కాలేజీలకు, ఒకటి ఆదెమ్మకు. పాచి ఎప్పటిలాగే పంపమని. గుడివాడకు, బందరుకు ఇశ్రాయేలు స్వయంగా వెళ్ళి, అటెండర్లతోనూ లెక్చరర్లతోనూ తన నోటితోనే చెప్పి వచ్చాడు. బందరులో ఒకాయన, "ఎంతమంది ఇలా ఒప్పుకుంటారయ్యా, నువ్వు పెద్దమనిషివి" అని భుజం తట్టాడు. తిరుగు బస్సులో ఇశ్రాయేలు ఛాతీ కాస్త వెడల్పయింది. ఇది కూడా తాను చేసిన పనుల్లో ఒకటని, అందరూ చేయలేనిదని అనుకున్నాడు.

జూలైలో, మూడో ఉత్తరం జేబులో పెట్టుకుని, నాగాయలంక వెళ్ళాడు. ఆదెమ్మ ఇల్లు అడిగి తెలుసుకున్నాడు. ఆమె ఇంటి ముందు చాప మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఎవరి రొయ్యలో. తట్టలు తట్టలుగా పక్కన పెట్టి ఉన్నాయి.

"రండి మాస్టారూ" అంది, తల ఎత్తి. కోపం లేదు. అది చూసి ఆయనకు ధైర్యం వచ్చింది. ఈసారి తిమింగలాన్నీ, గ్లాసుల్నీ వదిలేసి తిన్నగా చెప్పాడు. జ్వరం, నోరు, ఉప్పు, గిన్నె. ఆమె ఒలవడం ఆపకుండానే వింది. గిన్నె దగ్గర మాత్రం నవ్వింది.

"ఆయమ్మ మంచిది. పాపం ఎన్నాళ్ళు రెండు కూరలు వండిందో."

"నీ పేరు మీద పడ్డ మాట తీసేశానమ్మా. మూడు కాలేజీల్లోనూ చెప్పాను. ఇదుగో, సార్ ఉత్తరం. మళ్ళీ పాచి పంపమన్నారు."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఉత్తరం అందుకుంది. అటూ ఇటూ తిప్పి, మీద రాసి ఉన్న తన పేరు మీద బొటనవేలు పెట్టి కాసేపు చూసింది. తర్వాత లేచి, "ఇట్టా రండి" అని ఇంటి వెనక్కి నడిచింది.

కాలవలో కర్రలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటికి కట్టిన తాళ్ళు నీళ్ళల్లో వేలాడుతున్నాయి. తాళ్ళ పొడుగునా తెల్లటి బంక పట్టి ఉంది. నీళ్ళు ఎర్రగా, చిక్కగా కదులుతున్నాయి, గడ్డిపోచలు మోసుకుంటూ. కుళ్ళు కంపు ఒడ్డు దాకా కొడుతోంది.

"మంచినీళ్ళు దిగినాయి" అంది ఆదెమ్మ. "ఏటా ముందే మొగకి తీసుకుపోయేదాన్ని. పడవ కావాలి, ఇద్దరు మడుసులు కావాలి, రెండు రోజులు పని మానుకోవాలి. కొనేవోళ్ళు లేని పాచికి అంత ఎందుకులే అనుకున్నా. అడివిలో కూడా ఇప్పుడు దొరకదు. చలికాలం రావాలి. అప్పుడు మళ్ళా మొక్క తెచ్చి కట్టాలి. తాళ్ళు నిండటానికి రెండేళ్ళు పట్టింది నాకు."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"నోరు పోయిందని ఎప్పుడు తెలిసింది మాస్టారూ?"

"ఈస్టరుకి."

ఆమెకు ఈస్టరు ఎప్పుడో తెలియదు. "కాలవలు వదలక ముందా, తర్వాతా?"

"ముందే" అన్నాడు. ఆ మాట బయటికి వచ్చాక గానీ, బందరు కాలువ గట్టున తాను చూసిన ఎర్రనీళ్ళు ఎక్కడికి వచ్చి చేరాయో ఆయనకు తెలిసి రాలేదు.

"ఎంత ముందు?"

"రెండు నెలలు."

ఆదెమ్మ కాలవలోకి చూస్తూ నిలబడింది. తిట్టలేదు. తిడుతుందేమో, మీద ఉమ్ముతుందేమో అని ఆయన ఎదురుచూశాడు. అలా చేసినా సరిపోయేది.

"ఎందుకు ఆగారు?"

ముప్పయ్యేళ్ళుగా ఏ ప్రశ్నకైనా వెతుక్కోకుండా జవాబు చెప్పిన మనిషి. సార్‌కి ముందు చెప్పాలి, పద్ధతి ఉంటుంది, సెలవులు అనే మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఆ కంపులో నిలబడి వాటిని పైకి అనడం చేతకాలేదు.

"సిగ్గేసిందమ్మా" అన్నాడు.

ఆమె తల ఊపింది, అది తెలిసిన సంగతే అన్నట్టు. "పడాల్సిన సిగ్గే. అదేదో అప్పుడే వచ్చి నా ముందర పడుంటే, తాళ్ళు మొగకి పోయేయిగా."

ఉత్తరాన్ని మడిచి రవికలో దోపుకుంది. చాప దగ్గరికి వెళ్ళి కూర్చుని, తట్ట ముందుకు లాక్కుంది. రొయ్యలు ఎండలో ఉంటే పాడవుతాయి. ఆయనకు పీట వేయలేదు, వెళ్ళమనీ అనలేదు. ఇశ్రాయేలు చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి, కాలవలోకి దిగాడు. నడుముల్లోతు బురదనీళ్ళలో ఒక్కో కర్ర దగ్గరికీ వెళ్ళి, ఆ తాళ్ళు విప్పి, బంక చేతులతో లాగి, ఒడ్డు మీదికి విసిరాడు. పదకొండు తాళ్ళు. ఆయన పైకి వచ్చేసరికి ఆఖరు బస్సు వెళ్ళిపోయింది. ఆదెమ్మ తట్టలు పక్కకు పెట్టి, ఆ తాళ్ళ వంక చూసి, "ఎండలో పరవండి, కుప్పేస్తే పుచ్చిపోతాయి" అంది.

ఆయన పరిచాడు.